చెదరిన అక్షరములు, కూడవలసిన మాటలు

నిఘంటువునకు ద్వారము ఒక్కటియే. అది మాటయొక్క తొలి అక్షరము. తొలి అక్షరము తెలిసినవానికి ఆ గ్రంథము క్షణములో వశమగును. తెలియనివానికి వేయిపుటల గోడయై నిలుచును. ఇంగ్లీషు మాటలు వేలకొలది నేర్చి, పరీక్షలలో నెగ్గి, పత్రికలను ధారాళముగా చదువుచున్న యువకుని పిలిచి, 'ఎక్స్', 'క్యూ' అను రెండక్షరములును గల మాట యొకటి చెప్పుమన్నచో, అతడు చాలసేపు ఆకాశమువంక చూచును. ఆ ఉదయముననే ఏదో వ్యాసములో 'ఎక్స్‌క్విజిట్' అను విశేషణమును చదివి మెచ్చుకొనియుండును. అయినను ఆ మాట అతని నాలుకకు రాదు. జ్ఞాపకశక్తి కొరవడుట దీనికి కారణము కాదు. మనస్సు మాటలను అర్థమునుబట్టియు, మొదటి ధ్వనినిబట్టియు భద్రపరచుకొనునే గాని, వాని నడుమ ఏ యే అక్షరములు దాగియున్నవో లెక్క వ్రాసి పెట్టుకొనదు. కావున ఇచ్చిన అక్షరములనుండి మాటను రాబట్టదలచినవాడు తక్కిన ద్వారములను తానే తెరచుకొనవలెను. అవి అదృష్టమువలన గాక, ఇంగ్లీషు అక్షరముల నడవడిని ఎరుగుటవలన తెరచుకొనునని చూపుట ఈ అధ్యాయమునందలి పని.

ఈ పని ఎవరికి కావలెనందురా? పదబంధప్రహేళికలను ఇంగ్లీషు పత్రికలలో పూరించువారికి, స్క్రాబుల్ ఆడువారికి, 2021లో జోష్ వార్డిల్ అనునతడు లోకమునకు విడిచిన వర్డిల్ ఆటకు అలవాటుపడినవారికి, వీరందరికంటె ముఖ్యముగా బ్యాంకు ఉద్యోగముల పరీక్షలలో 'ఈ మాటయందలి మొదటి, మూడవ, ఆరవ, ఎనిమిదవ అక్షరములతో అర్థవంతమగు మాటలెన్ని కట్టవచ్చును' అను ప్రశ్నకు నిమిషములోపల జవాబు గుర్తింపవలసిన మన పిల్లలకు ఇది కావలెను. ఆటగా చూచినవారికి ఆట, బ్రతుకుతెరువుగా చూచినవారికి బ్రతుకుతెరువు.

తెలుగువాడు ఈ విద్యకు కొత్తవాడు కాడు. అష్టావధానసభలో పృచ్ఛకుడొకడు, ఫలానా పాదమున ఫలానా స్థానమందు ఫలానా అక్షరమే పడవలెనని విధించును; అది న్యస్తాక్షరి. మరియొకడు అవధాని పద్యము చెప్పుచుండగా అడుగడుగున తరువాతి అక్షరమును నిషేధించును, అది నిషిద్ధాక్షరి. వేరొకడు ఒక వాక్యమునందలి అక్షరములను వరుస తప్పించి, స్థానసంఖ్య చెప్పుచు ఒకటొకటిగా నడుమనడుమ అందించుచుండ, అవధాని తుదకు వానినన్నింటిని కూర్చి అప్పగించును; వ్యస్తాక్షరి యనబడు ఆ అంశము మన ప్రస్తుతవిషయమునకు మిక్కిలి చేరువ. దండి దశకుమారచరితమున ఏడవ ఉచ్ఛ్వాసమునంతను ఓష్ఠ్యాక్షరము లేకుండ నడపినాడు. ప్రియురాలి దంతక్షతమువలన పెదవులు నొచ్చియున్న మంత్రగుప్తుడు చెప్పిన కథగా దానిని కల్పించుట ఆతని చమత్కారము. 1939లో అమెరికాయందు ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ 'గాడ్స్‌బీ' అను నవలను, ఇంగ్లీషున మిక్కిలిగా వాడబడు 'ఇ' అను అక్షరము ఒక్కమారైనను రాకుండ, ఏబదివేల మాటలకు పైబడి వ్రాసినాడు. భూతకాలక్రియకు తుదిని వచ్చు 'ఇ, డి' ప్రత్యయమే తనను ఎక్కువగా బాధించినదని ఆతడు పీఠికలో చెప్పుకొనినాడు. ఆ ఫిర్యాదును మనము గుర్తుంచుకొనవలెను. ఆతనికి అడ్డమైనదే మనకు సాయమగును.

అయితే మన అక్షరమునకును ఇంగ్లీషు అక్షరమునకును ఒక భేదము కలదు. మనకు అక్షరమన ధ్వని. చెవి విన్నదే కన్ను చదువును. ఇంగ్లీషున అట్లు కాదు. 'లిజన్' అను మాటలో 'టి' కలదు, కాని వినబడదు. 'నైట్' అని పలుకబడు వీరభటుని పేరులో తొలి 'కె'యు, నడిమి 'జి', 'హెచ్'లును మౌనముగా కూర్చుండును. చెవిని నమ్ముకొని వెదకువాడు 'లిజన్', 'సైలెంట్' అను రెండుమాటలు సరిగా ఒకే ఆరక్షరములతో కట్టబడినవని ఎన్నటికిని కనిపెట్టజాలడు. 'ఎన్‌లిస్ట్', 'టిన్సెల్', 'ఇన్లెట్స్' అను మూడును ఆ కుటుంబమునందలివే. కావున ఈ సాధనమున మొదటి నియమమిది: చెవిని మూసికొని కన్నును తెరవవలెను. అక్షరములను పైకి చదువక, కాగితముమీద వరుసగా గాక వలయాకారముగా వ్రాసికొనవలెను. వరుసగా వ్రాసినచో ఆ వరుసయే ఒక మాటవలె మనస్సున నాటుకొని, కొత్త కూర్పులను రానీయదు. అనుభవజ్ఞులైన ప్రహేళికాప్రియులు పత్రిక అంచున అక్షరములను గుండ్రముగా వ్రాసికొనుట ఇందులకే.

పిమ్మట అక్షరముల తరతమములు తెలియవలెను. ఒక భాషయందు ఏ అక్షరము ఎంత తరచుగా వచ్చునో లెక్కించినచో రహస్యలిపిని భేదింపవచ్చునని తొమ్మిదవ శతాబ్దిలోనే బాగ్దాదునందలి అల్ కిందీ అను తత్త్వవేత్త వ్రాసియుంచెను. తంతివార్తకు లిపిని కూర్చునపుడు మోర్సుకు సహాయుడైన ఆల్ఫ్రెడ్ వెయిల్ ముద్రణాలయమునకు పోయి, అచ్చుపెట్టెలలో ఏ యక్షరపు దిమ్మలు ఎన్ని యున్నవో చూచి, ఎక్కువగా ఉన్న 'ఇ'కి ఒక్క చుక్కను, 'టి'కి ఒక్క గీతను ఇచ్చెను. 1886లో వచ్చిన లైనోటైపు యంత్రమున మీటలును ఈ తరచుదనపు క్రమమునందే అమరినవి: మొదటి నిలువు వరుసలో ఇ, టి, ఏ, ఓ, ఐ, ఎన్, రెండవదానిలో ఎస్, హెచ్, ఆర్, డి, ఎల్, యు. న్యూయార్కు రాష్ట్రమునందలి ఆల్ఫ్రెడ్ బట్స్ అను వాస్తుశిల్పి 1930వ దశకపు ఆర్థికమాంద్యములో పని పోగొట్టుకొని, పత్రికల మొదటిపుటలలో అక్షరములను లెక్కించి, ఆ లెక్కపై ఒక ఆటను నిర్మించెను. దానికే 1948లో జేమ్స్ బ్రూనో స్క్రాబుల్ అను పేరు పెట్టి అంగడికి ఎక్కించెను. ఆ ఆటలో నూరు బిళ్లలు. వానిలో 'ఇ' పండ్రెండు; 'ఏ', 'ఐ' తొమ్మిదేసి; 'ఓ' ఎనిమిది; 'ఎన్', 'ఆర్', 'టి' ఆరేసి; 'జె', 'కె', 'క్యూ', 'ఎక్స్', 'జెడ్' ఒక్కొక్కటి మాత్రమే; రెండు బిళ్లలు వట్టివి. 'ఎస్' మిక్కిలి తరచైనదే అయినను బట్స్ దానికి నాలుగే బిళ్లలిచ్చెను; బహువచనము చేసికొనుట మరీ సులువైపోవునని ఆతని యెన్నిక. నూరు బిళ్లలపై ఒక భాషయొక్క స్వభావమును ఇంత సంక్షేపముగా వ్రాసినవాడు మరియొకడు లేడని నా అభిప్రాయము. వ్యాకరణములు కొన్ని చదివినను ఇంగ్లీషు మాట యెట్లుండునో ఇంత స్పష్టముగా తెలియదు.

దీనివలన మనకు కలుగు ప్రయోజనమేమనగా, ఇచ్చిన అక్షరములలో అరుదైనదానిని ముందుగా చేపట్టవలెను. 'ఇ', 'ఏ', 'టి' గల మాటలు లెక్కకు మిక్కిలి. వానితో ఆరంభించినవాడు దారి తప్పును. 'క్యూ' ఉన్నచో, దాని వెంట 'యు' తప్పక ఉండునని తలంచి, ఆ రెంటిని ఒక్కటిగా కట్టివేయవలెను. 'యు' లేని 'క్యూ' అరబ్బీ, చైనా మొదలగు పరభాషలనుండి వచ్చిన మాటలలోనే ఎక్కువగా కానవచ్చును. స్క్రాబుల్ ఆటగాండ్రు ప్రాణప్రదముగా చూచుకొను 'క్యూ, ఐ' అను రెండక్షరముల చైనామాట అట్టిది. 'జె' మాట చివర రాదనియే చెప్పవచ్చును. 'వి' చివర వచ్చుట అరుదు; దాని వెనుక 'ఇ' కూర్చుండును. 'ఎక్స్' తుదిని గాని, 'ఇ, ఎక్స్' అను ఉపసర్గగా మొదటను గాని ఎక్కువగా నిలుచును. ఈ అలవాట్లు తెలిసినవానికి అక్షరములు విడివిడిగా కాక గుంపులు గుంపులుగా కనబడును. ఎనిమిదక్షరముల చిక్కు నాలుగు గుంపుల చిక్కుగా తగ్గును.

అటుపిమ్మట ప్రత్యయములను విడదీయవలెను. ఈ పద్ధతియొక్క బలము ఒక్క ఉదాహరణమున తేటపడును. ఏ, సి, ఇ, జి, ఐ, ఎన్, ఆర్, టి అను ఎనిమిదక్షరములను ఇచ్చి, అన్నింటిని వాడి మాట కట్టుమనిరనుకొందము. ఎనిమిదక్షరములను వరుస మార్చి వ్రాయదగిన విధములు నలుబదివేల మూడువందల యిరువది. మానవుడు వానినన్నిటిని ప్రయత్నింపజాలడు. కాని 'ఐ', 'ఎన్', 'జి' మూడును కనబడుచున్నవి గదా. వానిని క్రియకు తుదిని వచ్చు 'ఇంగ్' ప్రత్యయముగా భావించి ప్రక్కకు తీసి యుంచుడు. మిగిలినవి ఏ, సి, ఇ, ఆర్, టి అను అయిదే. ఈ అయిదింటితో ఒక క్రియ కావలెను. 'రియాక్ట్' దొరకును, 'కేటర్' దొరకును, వెంటనే 'రియాక్టింగ్', 'కేటరింగ్' అను రెండు మాటలు చేతికి వచ్చును. ఇచ్చటనే తొందరపడి 'ట్రేస్' అను క్రియయు ఈ అయిదింటితోనే కట్టబడుచున్నదిగదా, 'ట్రేసింగ్' మూడవ మాట యని సంతోషింపరాదు. 'ట్రేస్' తుదినున్న 'ఇ' ప్రత్యయము చేరగానే జారిపోవును గనుక, మన చేతిలోని 'ఇ' ఒంటరిగా మిగిలిపోవును. అయితే ఆ జారిపోవు 'ఇ'యే మరియొక మేలు చేయును. 'క్రియేట్' అను క్రియలో 'ఇ'లు రెండు. తుది 'ఇ' జారిపోగా మిగిలినవి సరిగా మన అయిదక్షరములే. కావున 'క్రియేటింగ్' మూడవ మాట. చివరి 'ఇ' రాకపోకలను కనిపెట్టియుండుటయే ఇంగ్లీషు అక్షరక్రీడలో సగము నేర్పు.

'ఇంగ్' వలెనే 'ఇ, డి', 'ఇ, ఆర్', 'ఎల్, వై', 'టి, ఐ, ఓ, ఎన్', 'ఎన్, ఇ, ఎస్, ఎస్' అనునవి తుదికిని, 'ఆర్, ఇ', 'యు, ఎన్', 'సి, ఓ, ఎన్', 'పి, ఆర్, ఇ' అనునవి మొదటికిని తగినవి. వీనిని వల్లె వేయనక్కర లేదు. నాలుగునాళ్లు పత్రిక చదువుచు గుర్తు పెట్టినచో అవియే నిలుచును.

ప్రత్యయములకు లొంగని చిన్నమాటల విషయమున తెలుగువానికి ఒక సొంత సాధనము కలదు, అది గుణింతము. బడిలో 'క'కు గుణింతము చదివినట్లు, ఇంగ్లీషు హల్లులను నిలుపుకొని వాని నడుమ ఏ, ఇ, ఐ, ఓ, యు అను అయిదచ్చులను వరుసగా నడిపించి చూడవలెను. 'పి'కిని 'టి'కిని నడుమ నడిపింపుడు: ప్యాట్, పెట్, పిట్, పాట్, పుట్, అయిదును నిజమైన మాటలే. 'బి'కిని 'టి'కిని నడుమ నడిపినచో బ్యాట్, బెట్, బిట్, బట్ అను నాలుగు తప్పక దక్కును. హల్లుల చట్రము దొరికినచో అచ్చులు తమంతట వచ్చి చేరును. అచ్చులను పట్టుకొని హల్లులకై వెదకినచో మాత్రము పని సాగదు. చదువుకొన్నవారు సైతము దీనిని తలక్రిందులుగా చేయుదురు.

ఇక అసలు కఠినమగు సమస్య. ఇచ్చిన అక్షరములతోనే మాట కట్టుట ఒకటి. ఇచ్చిన అక్షరములు ఎక్కడనో ఇమిడియున్న పెద్దమాటను కనిపెట్టుట వేరొకటి. మొదటిదానిలో సామగ్రి యంతయు చేతనే యున్నది. రెండవదానిలో కొంతయే యున్నది, మిగిలినది మనమే ఊహింపవలెను. 'డబ్ల్యు, ఎస్, పి' అను మూడక్షరములు ఎడము లేకుండ వరుసగా వచ్చు ఇంగ్లీషు మాట యేది? ఈ మూడును కలిసి ఒక పదాంశముగా పలుకుటకు వీలుకానివి. కావుననే జవాబు సులభము. పలుకుటకు వీలుకాని హల్లులు ప్రక్కప్రక్కన వచ్చినచో అచ్చట రెండు మాటలు అతుకుకొన్నవని తెలిసికొనవలెను. మన భాషలో సంధి జరిగినపుడు వర్ణములు మారును, లోపించును, కొత్తవి ఆగమించును. ఇంగ్లీషు సమాసమున మాటలు ఏ మార్పును లేక ప్రక్కప్రక్కన నిలుచును గనుక, అతుకు చోటు బయటనే కనబడును. 'డబ్ల్యు, ఎస్'ల తరువాత గీత గీసి చూడుడు: ముందు 'న్యూస్', వెనుక 'పేపర్'. 'టి, సి, హెచ్, పి, హెచ్' అను అయిదు హల్లుల గుంపును చూచి బెదరినవాడు 'క్యాచ్‌ఫ్రేజ్' అను మాటలో దాని అతుకును చూచి నవ్వుకొనును. 'ఎన్, కె, ఎస్, టి' యన్నచో 'ఇంక్‌స్టాండ్'. 'సి, కె, జి, ఆర్' అన్నచో 'బ్యాక్‌గ్రౌండ్'. పదచ్ఛేదము చేయనేర్చిన తెలుగు విద్యార్థికి ఇది పుట్టువిద్య కావలసియుండగా, బడులలో ఇంగ్లీషును తెలుగు వ్యాకరణమునకు దూరముగా ఉంచి బోధించుటవలన ఆతనికి ఈ సంగతి తోచదు.

అతుకు కానిచో అది పుట్టింటి గురుతు. 'పి, హెచ్, టి, హెచ్' అను నాలుగు హల్లులు వరుసగా వచ్చుట ఇంగ్లీషునకు సహజము కాదు. గ్రీకులో ఆ రెండు ధ్వనులకు రెండక్షరములే గలవు, రోమనులిపిలో నాలుగైనవి. కావున ఆ గుంపు కనబడగానే గ్రీకునుండి వచ్చిన శాస్త్రపదములను తలంచుకొనవలెను: సంధ్యక్షరమునకు పేరైన 'డిఫ్తాంగ్', కంటివైద్యమునకు పేరైన 'ఆఫ్తాల్మాలజీ' తోడనే దొరకును.

ఇప్పుడు మొదట విడిచిన ప్రశ్నకు రావచ్చును: 'ఎక్స్', 'క్యూ' రెండును గల మాటలు. 'క్యూ'తో 'యు'ను కట్టితిమి. 'ఎక్స్' మొదటి ఉపసర్గలో ఉండవచ్చును, తుదినైనను ఉండవచ్చును. ఉపసర్గగా నిలిపినచో 'ఎక్స్‌క్విజిట్' వచ్చును. తుదిని నిలిపినచో, సమమను అర్థము గల 'ఇ, క్యూ, యు, ఐ' అను లాటిను పూర్వపదము వెనుక రాత్రి యను అర్థము గల మాట చేరి, రాత్రింబవళ్లు సమానమగు విషువత్తునకు పేరైన 'ఈక్వినాక్స్' వచ్చును. ఈ రెండు త్రోవలకును లొంగనిది 'క్విక్సాటిక్'. అది స్పెయినుదేశపు సెర్వాంటెస్ సృజించిన డాన్ కిహోటే పేరుమీదుగా పుట్టినది గనుక, వ్యాకరణమువలన గాక సాహిత్యమువలననే దొరకవలెను. బ్రిటిషు ఖజానాకు పేరైన 'ఎక్స్‌చెకర్' మరియొకటి; ఏటేట బడ్జెటు వార్తలు చదువువారికి అది ముందు తట్టును. మాట ఎచ్చటనుండి వచ్చినదో తెలిసినవాడు అక్షరములను వెదకనక్కరలేకయే మాటను చేరును.

ఈ మాటకు ప్రతిగా న్యూజీలాండు దేశీయుడగు నైజెల్ రిచర్డ్స్‌ను చూపువారుందురు. ఆతడు ఫ్రెంచిభాష మాటలాడనేరకయే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచవిజేత యయ్యెను; 2024లో స్పానిషునందును అట్లే నెగ్గెను. అర్థముతో పని లేకుండ ఆ భాషల ఆటపదముల పట్టికలను కంఠస్థము చేసినాడు. అది మహాద్భుతమే, అద్భుతములను నమస్కరింపవచ్చును గాని పాఠ్యప్రణాళికగా స్వీకరింపరాదు. అర్థము తెలియని మాట ఆటబల్లమీద పది పాయింట్లు తెచ్చును. ఉత్తరములో గాని ఉద్యోగములో గాని ఒక్కటియు తేదు.

కంప్యూటరు ఈ పనిని చేయు తీరు గ్రహించుటయు మేలే, ఏలయన దానిలో ఒక చక్కని ఉపాయము కలదు. నిఘంటువునందలి ప్రతి మాటయొక్క అక్షరములను అది అకారాదిక్రమమున పేర్చి, ఆ పేర్పును మాటకు గురుతుగా పెట్టుకొనును. 'లిజన్' అక్షరములను పేర్చినచో ఇ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి; 'సైలెంట్' అక్షరములను పేర్చినను అదియే. గురుతు ఒక్కటైన మాటలన్నియు ఒక్క చోట చేరును. మన మిచ్చిన అక్షరములను గూడ అట్లే పేర్చి అడిగినచో ఆ గుంపంతయు రెప్పపాటున బయటపడును. ఇచ్చిన అక్షరములను లోన ఇముడ్చుకొన్న మాటలు కావలసినపుడు, ఒక్కొక్క అక్షరము ఎన్నెన్నిమారులు వచ్చినదో లెక్కించి, మన యక్షరములకు తక్కువ పడని మాటలను మాత్రము నిలుపుకొనును. మనుష్యుడును చిన్న పరిమితిలో ఈ ఉపాయమునే అవలంబింపవచ్చును: క్రొత్తమాట నేర్చినపుడెల్ల దాని ప్రక్కన దాని అక్షరములను అకారాదిగా పేర్చి వ్రాసికొన్నచో, కొన్నాళ్లకు ఒకే గురుతు గల మాటలు తమంతట జతపడుచుండును. 'పోస్ట్', 'స్టాప్', 'స్పాట్', 'టాప్స్', 'పాట్స్', 'ఆప్ట్స్' అను ఆరు మాటలు ఒకే నాలుగక్షరముల బిడ్డలని నోటుపుస్తకములో కనబడిన బాలుడు ఆ నాలుగక్షరములను మరి మరువడు. యంత్రమును అడుగవద్దని నేననను. ముందు కాగితముమీద పెనుగులాడి, పిమ్మట మనకు తోచనివాటిని తెలిసికొనుటకు మాత్రము అడుగుడని యందును. ముందే అడిగినవానికి జవాబు దక్కును, విద్య దక్కదు.

పాఠకుడా, యంత్రమును తాకకుండ ఈ ప్రశ్నతో నేటి రాత్రి కూర్చుండుము. 'జె', 'క్యూ' రెండును గల ఏడక్షరముల ఇంగ్లీషు మాట యొకటి కలదు. 'జె' చివర రాదని చెప్పితిని గనుక దానిని మొదట నిలుపుము. 'క్యూ'కు 'యు'ను కట్టుము. తుదిని 'ఐ', 'ఎల్' ఉన్నవి. అది డాఫొడిల్ జాతికి చెందిన పసుపుపచ్చని పువ్వు పేరు. మిగిలిన రెండక్షరములును నీవే పూరింపుము.